ఎండుచేప తల

చేపల పడవ వదిలి షికారు ఓడెక్కిన ముసలి ఎలుక జంటకు తిండికి కొదవ లేదు. అందులో మూడువేలమంది రోజుకు ఐదుపూటలు తిని, తాగి, సగం సగం వదిలేసేవారు. మగ ఎలుక కింది అంతస్తులో కేకులు తినేది. ఆడ ఎలుక పై అంతస్తులో మాంసం తినేది. ఒకరికోసం ఒకరు ఆగే పనే లేదు.

ఒక సాయంత్రం వంటవాడు అందరికీ వడ్డించాక, తనకోసం ఎండుచేప కాల్చుకుని దాని తల కింద పడేశాడు. ఆ వాసనకు రెండు ఎలుకలూ చెరోవైపు నుంచి పరుగెత్తుకొచ్చాయి.

"పడవలో రోజంతటికీ ఇదొక్కటే దొరికేది, గుర్తుందా?" అంది మగ ఎలుక, చేపతలను ఆడ ఎలుక ముందుకు తోస్తూ. "నువ్వు తినవే."

"ఎందుకు గుర్తులేదూ?" అంటూ ఆడ ఎలుక దాన్ని వెనక్కి తోసింది. "నువ్వు తినయ్యా."

అంత పెద్ద ఓడలో 'నువ్వు తిను' అన్న మాట వినబడడం అదే మొదటిసారి.