నీలం స్ప్రింగు

పక్క మంచం మీది మనిషి మళ్లీ నోరు విప్పింది.

“ఎర్ర స్ప్రింగు తీసెయ్యమ్మా. డాక్టరమ్మ నీలందే పెట్టమంది.”

చిరుత వినిపించుకోలేదు.

చిరుత అన్నది పేపరువాళ్లు పెట్టిన పేరు. నాలుగు వందల మీటర్ల పరుగులో ఆ అమ్మాయి ముందు ఎవరూ ఆగేవారు కాదు. తొడ వెనక కండ చిరగడంతో ఈ ఫిజియోథెరపీ గదికి వచ్చి పడింది.

ముందు బల్ల మీద పడుకోబెట్టి డాక్టరమ్మ చేతులతో కండ సడలిస్తుంది. ఆ తర్వాత పిలాటిస్ మంచం. కాళ్లు పట్టీల్లో పెట్టి లాగితే ముందుకీ వెనక్కీ జరిగే మంచం అది. కింద రంగురంగుల స్ప్రింగులు.

“ఎర్రది బరువు. దాన్ని లాగితే మానుతున్న కండ మళ్లీ చిరుగుతుంది. నీలంది తేలిక. మంచం ఊగకుండా నడుమూ పొట్టా బిగించి నువ్వే ఆపుకోవాలి. రేపు పరుగులో నీ కాలిని కాపాడేది ఆ బిగువే,” అని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది.

చిరుతకి అది తలకెక్కలేదు. నీలం స్ప్రింగు ముసలివాళ్లకీ బాలింతలకీ అనుకుంది. డాక్టరమ్మ అవతలి గదిలోకి వెళ్లగానే ఎర్రది తగిలించేది.

కోచ్‌దీ అదే మాట.

“ఊగే మంచం మీద పడుకుంటే కాళ్లొస్తాయా? సెలెక్షన్ దగ్గర పడింది. బరువు లాగు.”

“ఈసారికి వదిలెయ్యమంటోంది సార్ డాక్టరమ్మ. వచ్చే ఏడు చూద్దామంటోంది.”

“వచ్చే ఏడు ఇంకో పిల్ల ఉంటుంది.”

అని, తన గది గోడ మీది పాత ఫొటో చూపించాడు. తొడకు కట్టుతో రిబ్బను తెంపుతున్న అమ్మాయి.

“నా మొదటి రన్నర్. కట్టుతోనే ఫైనల్ కొట్టింది. చూడు ఆ కట్టు.”

చిరుత రోజూ ఆ కట్టునే చూసేది.

“అమ్మాయీ, నీకే చెప్తున్నా,” అంది పక్క మంచం మనిషి.

“మీ పని మీరు చూసుకోండి ఆంటీ.”

“నొప్పెడుతోంది కదూ? మొహంలో తెలుస్తోంది.”

“మంచం దిగాలంటే మీకు కర్ర కావాలి. మీరా నాకు పరుగు నేర్పేది?”

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. చిరుతకి ఊపొచ్చింది.

“మా కోచ్ మొదటి రన్నర్ కట్టుతోనే ఫైనల్ కొట్టింది. రన్నర్ల సంగతి మీకేం తెలుసు?”

ఆవిడ నవ్వింది. ముందు రెండు పళ్ల మధ్య బియ్యపు గింజ పట్టేంత సందు.

“కొట్టిందిలే,” అంది.

కర్ర అందుకుని దిగింది. కుంటుకుంటూ అవతలి గదిలోకి వెళ్లి, ఎర్ర స్ప్రింగు సంగతి డాక్టరమ్మకి చెప్పేసింది.

చిరుత వెనకాలే వెళ్లింది.

“ఇంకెప్పుడూ ముట్టుకోను మేడమ్. కానీ కొండేలు చెప్పే మనిషి పక్కన నేను చెయ్యలేను. ఆవిడో నేనో తేల్చండి.”

గుమ్మం పక్కన చిరుత ఫొటో పెద్దది వేలాడుతోంది. అది చూసే సగం మంది ఆ గడప తొక్కుతున్నారు.

డాక్టరమ్మ తేల్చింది.

“మీకు ఇంకో పూట ఇస్తానండీ,” అంది పెద్దావిడతో, మొహం చూడకుండా.

ఆవిడ మర్నాటి నుంచి రాలేదు. చిరుత రెండు ఎర్ర స్ప్రింగులు తగిలించింది. చెప్పేవాళ్లు లేరు.

సెలెక్షన్ రోజు కోచ్ తన చేత్తోనే తొడకు కట్టు బిగించాడు.

చిరుత గెలిచింది. రిబ్బను తెంపుతూనే కూలిపోయింది.

“నడుస్తుంది. పరుగు మాట మాత్రం ఎత్తకండి,” అన్నాడు ఆపరేషన్ చేసిన సర్జన్.

టీములోకి రెండో స్థానంలో వచ్చిన పిల్ల వెళ్లింది.

చంకకర్రలతో చిరుత మళ్లీ ఆ గదికే వచ్చింది. ఇప్పుడు నీలం స్ప్రింగు కూడా కదలడం లేదు. పక్క మంచం ఖాళీగా ఉంది.

“ఆ పెద్దావిడ ఏ పూట వస్తోంది మేడమ్?”

“రావట్లేదు. ఇంకో పూట వద్దంది.”

“మరి ఆవిడ కాలు?”

“ఆ కాలికి చెయ్యగలిగింది ఏమీ లేదని చేరిన రోజే చెప్పాను. కాలు కోసం కాదులెండి అంది. పేపర్లో తొడకు కట్టుతో ఉన్న నీ ఫొటో చూసిందట. ఆ పిల్ల పక్క మంచం ఇప్పించండి, చాలు అంది.”

“ఎందుకట?”

“అడిగాను. చెప్పలేదు.”

“ఎక్కడుంటుంది?”

“ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిందట. ఎక్కడికో పక్కింటివాళ్లకీ తెలీదు.”

చిరుత బూట్లు ఇంకా కోచ్ గదిలోనే ఉన్నాయి. తెచ్చుకుందామని వెళ్లి గుమ్మంలో ఆగింది.

లోపల ఓ కొత్త పిల్ల నిలబడి ఉంది. తొడకు కట్టు.

“ఇదిగో చూడు, చిరుత. కట్టుతోనే సెలెక్షన్ కొట్టింది,” అంటున్నాడు కోచ్.

గోడ మీద పాత ఫొటో పక్కన ఇంకోటి చేరింది. ఆ తర్వాత ఏమైందో కోచ్ చెప్పలేదు. కొత్త పిల్ల అడగలేదు. ఆ పిల్ల కట్టునే చూస్తోంది.

చిరుత పాత ఫొటో వైపు చూసింది. ఇన్నేళ్లలో మొదటిసారి కట్టును వదిలి మొహం చూసింది.

రిబ్బను తెంపుతూ నోరారా నవ్వుతున్న ఆ అమ్మాయికి, ముందు రెండు పళ్ల మధ్య బియ్యపు గింజ పట్టేంత సందు.