నెట్ ఎందుకు పోతోందంటే

"నువ్వు ఫోనెత్తావంటే చాలు, నెట్ చచ్చిపోతుంది. మీ అక్కతో ఆ సోది ఆపితేగాని ఈ ఇల్లు బాగుపడదు" అని మా ఆయన రోజూ నా ప్రాణం తోడేసేవాడు. టెలిఫోన్ లైన్‌మన్‌ని పిలుద్దామంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. విసుగెత్తి, ఆయన బయటికెళ్ళగానే నేనే పిలిచాను.

లైన్‌మన్ హాల్లో ఫోనెత్తి చాలాసేపు మాట్లాడి చూశాడు. పక్కనే ఉన్న రౌటర్ మీద నెట్ లైటు నిక్షేపంగా వెలుగుతూనే ఉంది.

"నెట్టూ ఈ ఫోను లైను మీదే వస్తుందమ్మా. రెండూ కలవకుండా ఈ ఫోనుకి ఫిల్టర్ ఉంది. మీరెంతసేపు మాట్లాడినా నెట్ పోదు. ఇదే లైను మీద ఫిల్టర్ లేని ఫోను ఇంకోటి ఎత్తితేనే ఆ లైటు ఆరిపోతుంది. ఇంట్లో ఇంకో ఫోనుందా?"

"లేదు బాబూ."

అతను గోడ వెంబడి వైరు పట్టుకుని మా ఆయన గదిలోకి వెళ్ళాడు. బీరువా వెనకాల, మాసిన తువ్వాల్లో చుట్టి ఉంది ఫోను. మాట్లాడే వైపు దూది కుక్కి ప్లాస్టర్ వేశారు. చెవి దగ్గర పెట్టుకునే వైపు మాత్రం ఆయన తలనూనె జిడ్డు, వేలితో గీస్తే ఊడొచ్చేంత.

అక్కతో చెప్పుకున్న ప్రతి మాటా, నా ఏడుపుతో సహా, ఆ జిడ్డు చెవిలోకి పోయిందన్నమాట. పైగా నిందలు నాకు!

లైన్‌మన్ నా మొహం చూడలేక సంచిలో చెయ్యి పెట్టాడు. "దీనికీ ఓ ఫిల్టర్ పెట్టేస్తానమ్మా. ఇక నెట్ పోదు."

"వద్దు" అన్నాను, తువ్వాలు మళ్ళీ ఎలా ఉన్నదో అలాగే చుడుతూ. "ఆ లైటు ఆరితేనే కదా బాబూ, చెవి వచ్చి ఆనుకుందని నాకు తెలిసేది."