పెన్నమ్మ తొలిచూపు

బొమ్మకు సిద్దమ్మ తెరిచిన కళ్ళలాంటి కళ్ళు పెన్నకు ఈ గట్టునా ఆ గట్టునా ఇంకెవరూ తెరవలేదు. ఇందులో పిసరంత అబద్ధమున్నా నా మీసం తీయించేసుకుంటాను.

గండికోటలో నాగేశ్వరయ్య శెట్టి కొత్త హోటలు కట్టాడు. ముందు హాల్లో గోడ నిండా బొమ్మ వేయమని సిద్దమ్మను పిలిపించాడు. ఆమె ఎర్రమన్ను, సుద్ద, బొగ్గు, తంగేడుపూల పసుపు తుమ్మబంకలో కలిపి, లోయ బండల నడుమ ఒరిగి పడుకున్న పెన్నమ్మను వేసింది. జుట్టు నీళ్ళై పారుతోంది. కుచ్చిళ్ళు ఇసుకమేటలై పరుచుకున్నాయి. గోడ అడుగున ఒక మూల తన పేరు రాసుకుంది. గోరంత అక్షరాలు.

మర్నాడు వచ్చి చూస్తే ఆ పేరు లేదు. ఆ చోట ‘చిత్రకారిణి: హిమబిందు’ అని ఉంది. హిమబిందు నాగేశ్వరయ్య కోడలు. కుంచె పట్టి ఎరగదు.

“ఇదేంది శెట్టీ?”

“ఎల్లుండి పెద్దోళ్ళు వస్తాండారు సిద్దమ్మా. నీ పేరు జూస్తే ఎవురీమె అంటారు. మా కోడలి పేరైతే పేపర్లో ఏస్తారు.”

“నన్నొక మాట అడగల్యా మామా?” అంది వెనకనుంచి హిమబిందు.

“నువ్వు గమ్మునుండు.”

సిద్దమ్మకు ఒళ్ళంతా భగ్గుమంది. పైకి మాత్రం నవ్వింది.

“అమ్మకు ఇంగా కండ్లు పెట్టల్యా. తెర కట్టించప్పా. కండ్లు తెరిచేటప్పుడు ఎవురూ ఎదురుగా ఉండగూడదు.”

నేలకు మోకాలెత్తు వదిలి తెర వేలాడదీశారు. సిద్దమ్మ దాని వెనక్కి పోయింది. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“అయిపాయ శెట్టీ. ఒగటి జెప్తా ఇను. అమ్మ తొలిచూపు శానా వాడి. బొమ్మ కింద తప్పు పేరుంటే, ఆ పేరు రాయించినోని మీదనే పడ్తాది. పడినాక మళ్ళ తిప్పుకోదు.”

“పోమ్మే! నన్నే బెదిరిస్తాండావా?” నాగేశ్వరయ్య పకపకా నవ్వాడు.

ఆమె గడప దాటాక, చూద్దామని తెర అంచు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే లోయలోంచి గాలి లేచింది. తెర పాము పడగలా ఉబ్బి మొహాన ఫెడీమని కొట్టింది. నాగేశ్వరయ్య తెర వదిలేసి వెనక్కి గెంతాడు. నవ్వు ఎక్కడికి పోయిందో!

పెద్దలొచ్చే రోజు పొద్దున్నే తడిగుడ్డతో గోడ దగ్గర చతికిలబడ్డాడు. తెర కింద కనిపిస్తున్న కోడలి పేరు తనే తుడిచాడు. ‘సిద్దమ్మ’ అని ఏనుగంత అక్షరాలతో రాశాడు. ఆ తర్వాత అందరి ఎదుటా, కళ్ళు గట్టిగా మూసుకుని తెర తాడు లాగాడు. చప్పట్లు మోగాయి.

“చూపు యాడుండాది బిందూ?” అని గొణిగాడు, తల దించుకునే.

హిమబిందు గోడను చూసింది. సిద్దమ్మను చూసింది. పెదవి కొరుక్కుంది.

“మీ మీదనే మామా. మీరు యాడికి కదిలితే ఆడికొస్తాండాది.”

ఆనాటి నుంచి నాగేశ్వరయ్య సొంత హోటల్లోకి వంటింటి దోవన పోతున్నాడు. హాల్లోకి రాక తప్పకపోతే తలమీద తువ్వాలు కప్పుకుని, గోడకు వీపు పెట్టి ఎండ్రకాయలా పక్కకు నడుస్తాడు.

సిద్దమ్మ కసి దాంతో తీరలేదు. సంతకు వచ్చినప్పుడల్లా గోడకెదురుగా కుర్చీ వేయించుకుంటుంది. ఆయన చేతే కాఫీ తెప్పించుకుంటుంది.

“ఒగసారి తలెత్తి చూడప్పా శెట్టీ. ఎంత బాగుండాదో!”

“వద్దు తల్లీ, వద్దు!”

“పోనీలే. సచ్చేలోపల చూద్దువు.”

హోటలంతా కిసుక్కుమంటుంది. ఎందుకని ఆయన ఇంతవరకు అడగలేదు.

ఇక నా మీసానికి కత్తెర తెచ్చుకోండి: ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే, సిద్దమ్మ బొమ్మకు కళ్ళు తెరిచిందన్న ముక్క, ఆ గోడమీద పెన్నమ్మ రెప్పలు మూసుకుని ఈ రోజుకీ హాయిగా నిద్రపోతోంది.