ఒట్టి మోటారు

పంప్‌హౌస్‌లో ఆ రాత్రి రిలే మూడోసారి ట్రిప్పయింది. మోటారు తన శక్తికి మించిన బరువు లాగుతోందని దానర్థం. పైన ప్యానెల్ దగ్గరున్న ఎలక్ట్రీషియన్, ఫిట్టర్‌గా చేసే తన అన్నకు ఫోన్ చేసింది.

“అన్నయ్యా, పంపులో ఏదో ఇరుక్కున్నట్టుంది.”

“పంపెక్కడుందే? పొద్దున్నే విప్పి షెడ్డుకు తెచ్చేశాం. అక్కడున్నది ఒట్టి మోటారే. రిలే పాడై ఉంటుంది, దాన్ని తప్పించి నేరుగా కలిపెయ్.”

ఆమె కలపలేదు. మెయిన్ ఆపేసి, టార్చి పట్టుకుని కిందికి దిగింది. మోటారు షాఫ్టు చివర ఏమీ లేదు. వేలితో తోస్తే తిరగాల్సిన షాఫ్టు, రెండు చేతులా పట్టి తిప్పినా పావు చుట్టే కదిలింది. చేతులు తియ్యగానే, అవతల ఎవరో నెమ్మదిగా లాక్కున్నట్టు, వెనక్కి వెళ్లిపోయింది. చప్పుడేమీ లేదు.

“ఏమే, కలిపావా?”

“లేదు. నువ్వు బయల్దేరు అన్నయ్యా,” అంది మెల్లగా. “వచ్చేదాకా ఫోన్ మాత్రం పెట్టెయ్యకు.”