మా నాయన

హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన సామ్సన్ గోవా హోటల్లో గదులు సర్దాడు, ఓడలో వంట చేశాడు, ఆసుపత్రి క్యాంటీన్ నడిపాడు. చివరికి ఆదోనిలో సొంత టిఫిన్ హోటల్ తెరిచాడు.

మొదటి రోజు ఎమ్మిగనూరు నుంచి వచ్చిన తండ్రి జయన్న మెట్టు దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రా నాయనా."

"వద్దురా. నన్ను సూస్తే మనది ఏ కులమో తెలిసిపోతాది. ఈడ ఇంకెవరూ తినరు."

"తినకపోతే పోనీ. నువ్వు రా!"

సామ్సన్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడే కారు దిగిన పత్తి వ్యాపారి అడిగాడు.

"ఎవరప్పా ఈయన?"

జయన్న చటుక్కున చెయ్యి విడిపించుకున్నాడు.

"కూలోన్ని సామీ. పని అడగనీకి వచ్చినా."

'మా నాయన' అనబోయిన సామ్సన్ నోట వేరే మాట వచ్చింది.

"రండి సార్, ఏం తీసుకుంటారు?"

జయన్న కొడుకు వైపు చూసి, మెచ్చుకోలుగా తలూపి, మెట్టు దిగి వెళ్లిపోయాడు.