చెంచాడు ద్రాక్షపాకం

“నిమ్మరసం ఇంకాస్త పడాలా, చాలా?”

సీసాలక్క పైకే అడిగింది. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. రోజూ రుచి చూసే కూతురు పరీక్ష రాయడానికి బడికి వెళ్ళింది. సిరప్ రుచి చూడ్డానికి రేపు వస్తానన్న హోటల్ మాస్టారు కాస్తా, “ఇవాళే వస్తున్నాం” అని ఇందాకే ఫోన్ చేశారు.

ఇల్లంతా సీసాలే కాబట్టి ఆమెకి వీధిలో ఆ పేరు పడింది. పళ్ళ సిరప్‌లు చెయ్యడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఎనిమిది నెలల కిందట ఓ జ్వరం వచ్చి, పోతూ పోతూ నాలుక మీది రుచిని పట్టుకుపోయింది. ఇప్పుడామెకు పంచదారా ఇసకా ఒకటే. సంగతి కూతురికి తప్ప మూడో మనిషికి తెలియదు. తెలిస్తే ఆమె చేసిన సిరప్ ఎవరు కొంటారు?

పొయ్యి మీద నల్లద్రాక్ష రసం కుతకుతలాడుతోంది. నురగ తీసేసి, చప్పుడు మందగించేదాకా చెవి ఒగ్గి నిలబడింది. బొట్టు తీసి వేళ్ళ మధ్య నలిపింది. తీగ సాగలేదు, జిగురు తగిలింది. పొయ్యి కట్టేసి, కళ్ళు మూసుకుని, మరో అరచెంచా నిమ్మరసం పోసేసింది.

వడకట్టి, చల్లార్చి సీసాకి ఎత్తేసరికి తలుపు చప్పుడైంది.

మాస్టారు పెద్ద హోటల్లో తీపి వంటకాలకీ పానీయాలకీ పెద్ద. ఆయన నాలుకంటే ఊళ్ళో వంటవాళ్ళందరికీ హడల్. ఆయన ఊఁ అంటే, సీసాలక్క ఫ్యాక్టరీలో పొద్దస్తమానం నిలబడి డబ్బాలు సర్దే పని మానేయొచ్చు. వెంట ఆయన భార్య కూడా వచ్చింది.

ఆయన సీసాని కిటికీ వెలుతురుకెత్తి, వంచి, పాకం గాజు మీద జారడం చూశారు.

“ఎంతసేపు మరిగించావమ్మా?”

“గడియారం చూడలేదండీ. చప్పుడు మారేదాకా.”

“చప్పుడా?” ఆయన చురుగ్గా చూశారు.

అనవసరంగా నోరు జారానని ఆమె గతుక్కుమంది. రెండు గ్లాసుల చన్నీళ్ళలో సిరప్ కలిపి ఇచ్చింది. భార్య ముందు తాగింది. మాస్టారు ఒక గుక్క నోట్లో పట్టి ఉంచి, భార్య ముఖంలోకి చూస్తూ ఉండిపోయారు. ఆవిడ రెప్పలు మెల్లగా వాలి లేచాయి.

“పులుపు...” అన్నారాయన.

అయిపోయింది అనుకుందామె.

“పులుపు అతికినట్టు సరిపోయింది. వచ్చే వారం నుంచి మాకు పంపించు.”

ఎగిరి గంతెయ్యాల్సిన మాట. కానీ ఆమెకు భయం పట్టుకుంది. రేపు కూతురికి జలుబు చేస్తే? ఏ రోజో పులుపు ఎక్కువై, ఈయన పరువు నలుగురిలో పోతే?

“మాస్టారూ, ఒక్క మాట. నాకు రుచి తెలీదండీ.”

భార్య చేతిలో గ్లాసు మధ్యలోనే ఆగిపోయింది.

“ఏమన్నావ్?”

“జ్వరంతో పోయింది. మా అమ్మాయి చూసి చెప్పేది. ఇవాళ అదీ లేదు. కళ్ళతో, చెవులతో, వేళ్ళతో చేశాను. దాచి మీ దగ్గర పని తీసుకోలేను. మీరు వద్దంటే ఇక్కడితో సరి.”

మాస్టారు దిగ్గున లేచారు. “ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?”

“లేదండీ.”

ఆయన విసవిసా వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టారు. తిట్టడానికే అనుకుని సీసాలక్క తల వంచుకుంది. ఎంతకీ తిట్టు వినపడలేదు. తలెత్తి చూస్తే, ఆయన కుర్చీలో కూలబడి ఉన్నారు. భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

“చెప్పండి, ఫర్వాలేదు,” అంది మెల్లగా.

మాస్టారు సీసాలక్క వైపు తిరిగారు.

“నీకు రుచి పోయి ఎన్నాళ్ళయిందమ్మా?”

“ఎనిమిది నెలలండీ.”

“నాకు ఆరేళ్ళు.”