చప్పిడి కూర

“మా కోడలు కారం కాస్త ఎక్కువేస్తుందండీ, అందుకే ఈ మంట,” అంది అత్తగారు, డాక్టరమ్మ ఇంకా పొట్ట మీద చెయ్యి వెయ్యకముందే.

బస్సులో టిక్కెట్లు కొట్టి కొట్టి, డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చిన కోడలికి ఒళ్ళు మండింది. అత్తగారి చేతిలోంచి అందుకున్న పిల్ల భుజమ్మీద నిద్రపోతోంది, లేస్తుందని నోరు నొక్కుకుంది. ఈవిడ కోసమేగా ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ చప్పిడి కూరలు మింగుతున్నది!

“మందులేమైనా వాడుతున్నారా?” అడిగింది డాక్టరమ్మ.

“అబ్బే, ఏం లేవండీ.”

“అదేంటత్తయ్యా? మోకాళ్ళకి రోజూ నొప్పి మాత్ర వేసుకుంటున్నారుగా! నేనే తెచ్చిస్తున్నాను.”

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. “విరేచనం నల్లగా అవుతోందా పెద్దమ్మా?”

అత్తగారు గోడవైపు చూస్తూ తలూపింది.

“కడుపులో పుండు పడి రక్తం కారుతున్నట్టుంది. కారం పాపం కాదిది, ఆ మాత్రల పని. ఇక అవి ముట్టుకోకండి. ఇవాళే ఇక్కడ చేరిపోండి,” అని చెప్పి డాక్టరమ్మ నర్సును పిలవడానికి వెళ్ళింది.

“మాత్ర పడట్లేదని మీకు తెలుసా అత్తయ్యా?”

“వేసుకున్న గంటకల్లా మంట మొదలయ్యేది. తెలియకేం?”

“మరి నా వంటనెందుకు ఆడిపోసుకున్నారు?”

అత్తగారు చెయ్యి చాచి మనవరాలి వీపు నిమిరింది.

“మాత్రని తిడితే మాన్పించేస్తావు. మోకాళ్ళు లేవకపోతే దీన్నెవరు ఎత్తుకుంటారు? నీ ఉద్యోగం ఏమైపోను? అదే కూరని తిట్టాననుకో, నువ్వు ఓ పూట అలుగుతావంతే.”